మళ్లీ కుంచె పట్టిన చేయి



చిన్నప్పుడు బొమ్మలు వేయనివాళ్లు మనలో దాదాపు ఉండరు. పలక మీద కోడిపుంజు, నోటుబుక్కు చివరి పేజీలో సినిమా హీరో, చందమామ అట్ట మీద వడ్డాది పాపయ్య గారి బొమ్మ చూసి వేసిన రాజకుమారి. ఆ తర్వాత ఎప్పుడో తెలియకుండానే పెన్సిలు కింద పెట్టేస్తాం. చాలామంది జీవితంలో ఆఖరి బొమ్మ ఇంటర్మీడియట్ రికార్డులో వేసిందే. మందారపువ్వు నిలువుకోత, పక్కన భాగాల పేర్లు, కింద లెక్చరర్ గారి సంతకం. అక్కడితో సరి. చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఇంటి లోను, పెద్దవాళ్ల ఆసుపత్రులు. ముప్పై నలభై ఏళ్లు ఇట్టే గడిచిపోతాయి. అరవైకి దగ్గరపడి ఇల్లు కాస్త సద్దుమణిగాక, పుస్తకాల షాపులో మనవరాలికి క్రేయాన్లు కొంటుంటే పక్కనే ఉన్న రంగుల ట్యూబుల మీదికి చేయి పోతుంది. అలా చేయి పోయినవాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

నేను పేరున్న చిత్రకారిణిని కాదు. బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. చిన్ననాడు వదిలేసిన బొమ్మల్ని ఆ తర్వాత మళ్లీ పట్టుకున్నాను. నాలాగే మళ్లీ మొదలుపెట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లలో సగానికి సగం మంది తొలి రోజుల్లోనే మానేశారు. ఎందుకు మానేశారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "చిన్నప్పుడు బాగా వేసేదాన్ని, ఇప్పుడు చేయి పోయింది."

ఆ మాట నిజం కాదని నా గట్టి నమ్మకం. చేయి ఎక్కడికీ పోలేదు. వదిలేసిన చోటే ఉంది. ముందుకు పోయింది కన్ను. ఆ నలభై ఏళ్లూ మనం బొమ్మలు వేయకపోయినా చూడటం మాత్రం మానలేదు. లేపాక్షి కప్పు మీద చిత్రాలు చూశాం, బాపు గీత చూశాం, గోదావరి మీద సాయంత్రాలు చూశాం, పసిబిడ్డల ముఖాలూ చనిపోయినవాళ్ల ముఖాలూ చూశాం. దాంతో కన్నుకు అరవై ఏళ్ల అనుభవం ఉంది, చేయి మాత్రం పదిహేనేళ్ల పిల్లది. ఆ చేయి వేసినదాన్ని ఈ కన్ను ఒప్పుకోదు. పదిహేనేళ్లప్పుడు అదే బొమ్మను మురిసిపోయి గోడకు అంటించుకున్నాం, ఇప్పుడు చించేస్తున్నాం. కన్ను పెరిగినందుకు సంతోషించాల్సింది పోయి, ప్రతిభ లేదని బాధపడుతున్నాం. చేతికి కావాల్సింది సాధన. అది ఏ వయసులోనైనా వస్తుంది, కాకపోతే కొన్ని నెలలు పడుతుంది. ఆ కొన్ని నెలలూ ఓర్చుకున్నవాళ్లే నిలబడతారు.

రవీంద్రనాథ్ టాగోర్ గారి సంగతి చూడండి. ఆయన కవి అని, నోబెల్ బహుమతి గ్రహీత అని అందరికీ తెలుసు. బొమ్మలు వేశారని కూడా చాలామంది వినే ఉంటారు. అయితే ఆయన కూడా మళ్లీ మొదలుపెట్టిన మనిషేనన్న విషయం అంతగా ఎవరూ చెప్పరు. 1900లో, నలభైకి కాస్త అటూ ఇటూగా, ఆయన ఒక స్కెచ్‌బుక్కు పెట్టుకుని బొమ్మలు వేయడానికి కూర్చున్నారు. తన మిత్రుడు జగదీశ్ చంద్ర బోస్ గారికి ఉత్తరం రాస్తూ, పెన్సిలు కంటే రబ్బరే ఎక్కువ వాడుతున్నానని చెప్పుకున్నారు. గీయడం కంటే చెరపడమే ఎక్కువైందన్న మాట. ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది.

మళ్లీ ఇరవై ఏళ్లు దాటాక, 1924లో, ఆయన దక్షిణ అమెరికా ప్రయాణంలో ఉండగా 'పూరబి' అనే కవితా సంపుటం రాస్తున్నారు. రాతప్రతిలో కొట్టివేసిన మాటలు అక్కడక్కడా మచ్చల్లా మిగిలిపోయేవి. ఆ కొట్టివేతల్ని ఆయన అలా వదల్లేదు. ఒకదాన్ని ఇంకోదానితో గీతలతో కలిపారు. ఆ గీతలు మెల్లగా ఒక పక్షి ముక్కయ్యాయి, ఏ అడవిలోనూ లేని ఒక జంతువు వీపయ్యాయి. అర్జెంటీనాలో ఆయనకు ఆతిథ్యమిచ్చిన విక్టోరియా ఒకాంపో ఆ పేజీలు చూసి ముగ్ధురాలైంది. కొన్నేళ్లకు కవిత్వంతో పనిలేకుండా బొమ్మలు విడిగా రావడం మొదలైంది. 1930 మే నెలలో పారిస్‌లో ఆయన చిత్రాల మొదటి ప్రదర్శన జరిగింది. దాని ఏర్పాట్లకు పూనుకున్నదీ ఒకాంపోయే. అప్పటికి ఆయన వయసు 69. ఆ ఏడాదే ఆ బొమ్మలు ఇంగ్లండు, జర్మనీ, రష్యా, అమెరికా తిరిగాయి. 1941లో కన్నుమూసేలోపు ఆయన వేసినవి రెండు వేలకు పైనే.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఆ లెక్క కాదు, ఆ దేశాల పేర్లూ కాదు. నలభై ఏళ్ల వయసులో ఉన్నది ఉన్నట్టు చక్కగా వేయాలని కూర్చున్నప్పుడు రబ్బరు అరిగిపోయింది. అరవై దాటాక, తన చేతికి ఏది వస్తుందో దాన్నే రానిచ్చారు. ఎన్నో దశాబ్దాలు కలం పట్టిన చేయి అది. అక్షరాలు రాసీ రాసీ వంపు తెలిసిన చేయి. ఆ వంపు నుంచే ఆ పక్షులు వచ్చాయి. అంటే ఆయన సున్నా నుంచి మొదలుపెట్టలేదు.

మనమూ సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు. ఈ మాట ముఖ్యంగా ఆడవాళ్లకు చెబుతున్నాను. బొమ్మలు మానేసి నలభై ఏళ్లయిందంటారు. మరి రోజూ వాకిట్లో వేసిన ముగ్గు మాటేమిటి? బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి ఎంత జారితే గీత సన్నగా వస్తుందో, మెలిక దగ్గర చేయి ఎక్కడ నెమ్మదించాలో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. పదిహేను చుక్కల ముగ్గును మధ్యలో గీత తెగకుండా తిప్పుకొచ్చిన చేతికి కుంచె కొత్తేమీ కాదు. నాకు తెలిసిన ఒకావిడ, డెబ్బై దగ్గర పడుతున్న మనిషి, మొదటిసారి కుంచె పట్టి ఒక తమలపాకు తీగ వేశారు. ఆకుల రంగు కుదరలేదు కానీ తీగ వంపు మాత్రం, ఎన్నేళ్లు నేర్చుకున్నవాళ్లు కూడా వేయలేనంత ధీమాగా వచ్చింది. అది ముగ్గు నేర్పిన ధీమా.

అమెరికాలో గ్రాండ్‌మా మోజెస్ అని పేరుపడ్డ అన్నా మేరీ రాబర్ట్‌సన్ మోజెస్ కథా ఇలాంటిదే. పొలం పనులు చేసుకుంటూ బతికిన ఇల్లాలు. దారాలతో బొమ్మలు కుట్టేది. కీళ్లనొప్పులతో సూది పట్టడం కష్టమయ్యాక, డెబ్బై అయిదు దాటిన వయసులో, రంగుల్లోకి వచ్చింది. 1938లో ఒక మందుల షాపు అద్దాల వెనక పెట్టిన ఆమె బొమ్మల్ని దారిన పోయే కళాభిమాని ఒకడు చూసి కొన్నాడు. రెండేళ్లకు న్యూయార్కులో ఆమె ప్రదర్శన జరిగింది. 1961లో చనిపోయేనాటికి ఆమెకు 101 ఏళ్లు. సూది పట్టలేని చేయి కుంచె పట్టగలిగింది. మీకూ వేళ్ల నొప్పులుంటే కుంచె కాడకు మెత్తటి గుడ్డ చుట్టి లావు చేసుకోండి, పట్టు సులువవుతుంది. చేయి వణుకుతుంటే చిటికెనవేలిని కాగితానికి ఆనించండి. పెద్ద గీతలకు మణికట్టును కాక భుజాన్ని కదపండి. గీత నిలుస్తుంది.

ఇక ఏం వేయాలి? ఫోనులో వచ్చిన ఫోటోలు చూసి వేయకండి. సూర్యాస్తమయం, కొబ్బరిచెట్లు, పడవ, ఇవన్నీ ఇంకొకరు చూసి ముగించిన దృశ్యాలు. ఎదురుగా ఉన్న వస్తువును పెట్టుకోండి. నా సలహా, ఒక వంకాయ. నవ్వకండి, కాస్త వినండి. ఎన్నేళ్లుగానో వంకాయలు తరిగాను. ఒక్కసారి కూడా వంకాయను చూడలేదని, బొమ్మ వేయడానికి కూర్చున్నప్పుడే తెలిసింది. కిటికీ పక్కన తెల్లటి పళ్లెంలో పెట్టండి. దాని నున్నటి ఒంటి మీద ఒక తెల్లటి మెరుపు కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే అది వట్టి మెరుపు కాదు, మీ కిటికీయే, ఊచలతో సహా చిన్నదై వంకర తిరిగి అందులో ఉంటుంది. ముచ్చికను కొద్దిగా ఎత్తి చూడండి. ఊదారంగు అక్కడ ఆగిపోయి, కింద పాలిపోయిన తెలుపు ఉంటుంది, ఎందుకంటే అక్కడికి ఎండ చేరలేదు. ఎండ తగిలితేనే చాలా వంకాయలకు ఆ రంగు వస్తుంది. కాయ కింది అంచు నల్లగా ఉంటుందనుకుంటాం. ఉండదు. పళ్లెం తెలుపు ఎగసి దాన్ని తాకి, అక్కడ ఒక సన్నటి వెలుగు గీత ఉంటుంది. పళ్లెం మీద పడిన నీడలోనూ కాస్త ఊదా కలిసి ఉంటుంది.

ఇప్పుడు వేయండి. నీటిరంగుల్లో తెల్లరంగు వాడం, కాగితమే తెలుపు. అందుకే ఆ కిటికీ మెరుపును ముందే పెన్సిలుతో గుర్తుపెట్టి, అక్కడ రంగు తగలనివ్వకూడదు. క్రిమ్సన్, అల్ట్రామెరీన్ నీలం నీళ్లలో కలిపి మొదట పల్చటి పూత. అది పూర్తిగా ఆరాక, చేయి వెనకభాగం ఆనిస్తే చల్లగా తగలకూడదు, అప్పుడు రెండో పూత, ఈసారి చిక్కగా, అంచుల వెలుగు వదిలేస్తూ. నల్లరంగు ట్యూబు జోలికి పోవద్దు. అల్ట్రామెరీన్‌లో బర్ంట్ సియెన్నా కలిపితే ఎంతో లోతైన ముదురు రంగు వస్తుంది. నీళ్లు ఎక్కువ కలిపితే అదే మబ్బురంగు అవుతుంది. ఈ రెండు రంగులతోనే వానాకాలం ఆకాశమంతా వేయొచ్చు. వంకాయ మొదటిసారి బాగా రాదు. దాన్ని చించకుండా వెనక తేదీ రాసి దాచండి. కొన్నాళ్లకు ఇంకో వంకాయ వేసి పక్కన పెట్టి చూసినప్పుడు, చేయి ఎంత నడిచిందో మీ కంటికే తెలుస్తుంది.

సామాను గురించి ఒక్క మాట. కొత్తగా వచ్చేవాళ్లు ఇరవై నాలుగు రంగుల పెట్టె కొని, పిల్లల డ్రాయింగు పుస్తకంలో వేస్తారు. తిరగేసి చేయాలి. రంగులు ఆరు చాలు, మామూలు కంపెనీవి చాలు. డబ్బంతా కాగితం మీద పెట్టండి. 300 జీఎస్ఎం మందమున్న నీటిరంగుల కాగితం అడగండి. పల్చటి కాగితం తడి తగలగానే అప్పడంలా లేస్తుంది, రంగు గుంటల్లో నిలుస్తుంది, మనకేమో వేయడం రాదనిపిస్తుంది. తప్పు కాగితానిది. కుంచె ఒక్కటే, ఎనిమిదో నంబరు గుండ్రటిది, తడిపితే మొన సూదిలా రావాలి. పాలెట్‌కు తెల్లటి పింగాణీ ప్లేటు. రెండు గ్లాసుల నీళ్లు, ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి. ఇంతే.

మన వాతావరణం సంగతి పుస్తకాల్లో రాయరు. వేసవిలో విజయవాడలోనో రామగుండంలోనో ఫ్యాను కింద కూర్చుని ఆకాశం పూత వేస్తే, కుడివైపు చేరేలోపు ఎడమవైపు ఆరిపోయి చారలు పడతాయి. తెల్లవారుజామున, ఫ్యాను ఆపి వేసుకోండి. వానాకాలంలో అదే పూత ఎంతసేపటికీ ఆరదు. ఆ రోజుల్లో తడి మీద తడి వేసే పద్ధతి చక్కగా కుదురుతుంది. కోస్తా ఊళ్లలో కాగితానికి బూజు పట్టే ప్రమాదం ఉంది కాబట్టి ప్లాస్టిక్ కవరులో మూసి ఉంచాలి. రంగుల ఖర్చు కూడా వద్దనుకుంటే బొగ్గుతో మొదలుపెట్టండి. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు చింతపుల్లలు కాల్చిన బొగ్గుతోనే గుడ్డ మీద మొదటి గీత గీస్తారు. నచ్చకపోతే గుడ్డతో దులిపితే పోతుంది.

కళ్ల గురించి కూడా చెప్పాలి. చత్వారం ఎలాగూ ఉంటుంది. చదువుకునే కళ్లద్దాలు అడుగు దూరానికి సరిపోతాయి, బొమ్మ అంతకంటే దూరంలో ఉంటుంది. కళ్ల డాక్టరుతో ఆ దూరం చెప్పి అద్దాలు రాయించుకోండి. శుక్లం ముదిరేకొద్దీ కంటి కటకం పసుపెక్కి నీలం మసకబారుతుంది. అది మనకు తెలియకుండానే జరుగుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే ఈ బాధ పడ్డాడు. ఆ ఏళ్లలో ఆయన బొమ్మలు ఎరుపు, గోధుమ రంగుల్లోకి జారిపోయాయి. 1923లో, ఎనభై దాటాక, కుడికంటికి ఆపరేషన్ చేయించుకుని మళ్లీ పనిలో పడ్డాడు. మీకు నీలాలన్నీ బూడిదరంగులో కనిపిస్తుంటే రంగుల్ని అనుమానించకండి, కళ్లు చూపించుకోండి. ఆపరేషన్ అయ్యాక ఆకాశం ఇంత నీలంగా ఉంటుందా అని ఆశ్చర్యపోయినవాళ్లను నేను చూశాను.

వీటన్నిటికంటే కష్టమైనది ఇంట్లో చోటు. డైనింగ్ టేబుల్ మీద వేసుకుంటాం. భోజనాల వేళకు అన్నీ ఎత్తేయాలి. తడి బొమ్మ ఫ్రిజ్ మీదికి పోతుంది, నీళ్ల గ్లాసు ఎవరో పారబోస్తారు. రెండుసార్లు అలా ఎత్తిపెట్టాక మూడోసారి తీయబుద్ధి కాదు. అందుకే ఎంత చిన్నదైనా సరే, ఎత్తిపెట్టనక్కర్లేని ఒక మూల కావాలి. కిటికీ దగ్గర ఒక పీట, దాని మీద పళ్లెం, ఎప్పుడూ అలాగే. సామాను కళ్లముందు ఉంటే పావుగంట దొరికినా కూర్చుంటాం. ఆ మూలను ఇంట్లో అడిగి తీసుకోండి. మొహమాటపడకండి, ముఖ్యంగా అమ్మలు, అమ్మమ్మలు. అందరికీ గదులు సర్ది ఇచ్చారు, మీకో పీట వేసుకునే హక్కు ఉంది.

ఇంకొకటి. బొమ్మ పూర్తవగానే ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి, కనీసం కొన్ని నెలలు. "సూపర్ అత్తయ్యా" అన్నా, ఎవరూ ఏమీ అనకపోయినా, రెండూ చేతికి చెరుపే. ఆ కొన్ని నెలలూ బొమ్మకూ మీకూ మధ్య ఎవరూ ఉండకూడదు. చూపించాలనిపిస్తే మీలాగే వేసుకునే ఒక స్నేహితురాలికి చూపించండి.

బొమ్మలు వేయడం వల్ల ఏమిటి లాభం అని కొందరు అడుగుతారు. జ్ఞాపకశక్తికి మంచిదనో, బీపీకి మంచిదనో సమాధానం చెప్పాలని నాకు లేదు. ఒక వస్తువు ముందు గంటసేపు నిశ్చలంగా కూర్చుని దాన్ని నిజంగా చూడటం, దానికదే చాలు. ఈ ఆకాశవాణిలోనే ఏళ్లతరబడి ఉద్యోగం చేసిన బుచ్చిబాబు గారు, 'చివరకు మిగిలేది' రాసిన మనిషి, నీటిరంగుల్లో ప్రకృతిని చిత్రించేవారు. ఆయన భార్య శివరాజు సుబ్బలక్ష్మి గారూ కథలు రాస్తూనే బొమ్మలూ వేశారు. తుమ్మపూడి పల్లెలో కూర్చుని సంజీవదేవ్ గారు దేశదేశాల కళ గురించి రాశారు, తనూ రంగులు పట్టారు. వీళ్లెవరికీ బొమ్మలు జీవనోపాధి కాదు.

వీలైతే ఒకసారి రాజమహేంద్రవరం వెళ్లి దామెర్ల రామారావు గారి పేరిట ఉన్న చిత్రశాల చూడండి. 'పుష్పాలంకరణ' ముందు నిలబడి, స్త్రీల ఒంటి గీతల్ని, ఒక పల్చటి పూత మీద ఇంకో పూత ఎలా కూర్చుందో దగ్గరగా గమనించండి. మీరు నాలుగు వంకాయలు వేసి వెళ్తే ఆ బొమ్మ ఇంకోలా కనిపిస్తుంది, ఆయన పడ్డ కష్టం మీ వేళ్లకు తెలుస్తుంది. 1897లో పుట్టిన రామారావు గారు మశూచి సోకి 1925లో వెళ్లిపోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. మనకు దొరికిన ఈ అరవైలు, డెబ్బైలు ఆయనకు దొరకలేదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా, నా చేతిలో ఉన్న పొద్దును వృథా చేయబుద్ధి కాదు.

చివరగా ఒక మనవి, ఇది వింటున్న కొడుకులకు, కూతుళ్లకు, తోటి ఉద్యోగులకు. మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరైనా రిటైరవుతున్నా, షష్టిపూర్తి చేసుకుంటున్నా, శాలువాతో పాటు పది షీట్ల మంచి కాగితం, ఒక మంచి కుంచె, ఆరు ట్యూబుల రంగులు ఇవ్వండి. ఇచ్చి ఊరుకోకండి. కిటికీ దగ్గర ఆ పీట కూడా మీరే వేయండి. వాళ్లు కూర్చున్నప్పుడు ఆ గంటసేపు పనులు చెప్పకండి.